మఱపు వ్యాధికి నాందియా?

ప్రశ్న: మా పెద్దవాడికి స్కిజోఫ్రీనియా. 19 ఏండ్ల చిన్నవాడు చెప్పినది వెంటనే మఱచుచున్నాడు. వీనికిని వచ్చునా?

జవాబు: సామాన్యముగా నూటికి 1 వంతుగా నుండు ముప్పు, తోబుట్టువులకు సుమారు 10 వంతులగుట నిజమే, తక్కిన 90 మందికి రాదనుటయు నంతే నిజము. 1971లో ఎర్లెన్‌మయర్-కిమ్లింగ్ ఆరంభించిన న్యూయార్కు పరిశోధనలో, రోగుల సంతానమును బాల్యమునుండి దశాబ్దములపాటు గమనింపగా, పిదప వ్యాధికి లోనైనవారిలో పెక్కురకు చిన్ననాటనే అవధానమునందును, విన్న మాటలను నిలుపుకొనుటయందును కొఱత కానవచ్చెను. ఆ కొఱత యుండియు జీవితాంతము స్వస్థులుగా నుండువారును కలరు. నిద్రలేమి, దిగులు, గంజాయి కూడ స్మృతిని మందగింపజేయును (గంజాయి ఇట్టి కుటుంబములకు మఱింత కీడు). మఱపునకుఁ దోడు అకారణ శంకలు, లేని మాటలు వినబడుట, ఏకాంతవాసము కనిపించినచో మాత్రము మానసిక వైద్యునికి జాగుసేయక చూపుడు. అందాక మందలింపు మాని, పనులు కాగితముపై వ్రాసియిండు.