ఇంటి కప్పు మీది ఎండతో కారు నడుస్తుందా?



కరెంటు కారుకు పెట్రోలు అక్కర్లేదని మనందరికీ తెలుసు. మరి ఆ కరెంటును ఇంటి మీద పడే ఎండలోంచే తీసుకోవచ్చా? మన హాస్టల్లో కొందరు "అదంతా ఉత్తమాట" అంటున్నారు. ఇంకొందరు "కారు టాపు మీద ఒక సోలార్ పలక పెడితే చాలు" అంటున్నారు. రెండూ సరికాదని నా అభిప్రాయం. ఊరికే వాదించుకోవడం ఎందుకు? లెక్క వేసి చూద్దాం.

యూనిట్ అంటే ఏమిటి?
వెయ్యి వాట్ల హీటరు ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే కరెంటు ఒక యూనిట్. దీన్నే కిలోవాట్ అవర్ అంటారు. జౌళ్ళలో చెప్పాలంటే 36 లక్షలు.

పలక ఎంత ఇస్తుంది?
సిలికాన్‌తో పనికొచ్చే సౌరఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేసి చూపించారు. అది తన మీద పడిన ఎండలో సుమారు 6 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇప్పటి మంచి పలకలు 20 శాతం పైగా మారుస్తున్నాయి. ఒక కిలోవాట్ పలకలకు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని జాగా కావాలి. మన ప్రాంతంలో అవి సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. వానాకాలం మబ్బు పట్టిందంటే బాగా తగ్గిపోతుంది.

కారు ఎంత తింటుంది?
2020లో వచ్చిన టాటా నెక్సాన్ కరెంటు కారు బ్యాటరీలో 30.2 యూనిట్లు పడతాయి. అటువంటి కారు రోడ్డు మీద యూనిట్‌కు సుమారు 6 కి.మీ. పోతుందని అనుకుందాం.

ఇంటి మీద 3 కిలోవాట్ల పలకలు ఉంటే రోజుకు 12 యూనిట్లు. ఇంటి ఖర్చు 4 పోతే మిగిలేవి 8. ఛార్జింగులో పదోవంతు నష్టం తీసేస్తే 7.2. దాన్ని 6తో గుణిస్తే 43 కి.మీ. కాబట్టి ఉత్తమాట కాదు! అదే కారు టాపు మీద అయితే 400 వాట్ల పలక మించి పట్టదు. రోజుకు 1.6 యూనిట్లు, అంటే పది కి.మీ. కూడా రాదు. అదీ రోజంతా ఎండలో నిలబెడితేనే.

మన కొండల సంగతి
ఘాట్ రోడ్డులో లెక్క మారుతుంది. 1,500 కిలోల కారు 900 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే ఎంత శక్తి కావాలి? మన పాఠంలోని సూత్రమే: ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు. 1,500 × 10 × 900 = 1,35,00,000 జౌళ్ళు, అంటే 3.75 యూనిట్లు. రోడ్డు మీద నడవడానికి అయ్యే ఖర్చు కాకుండా ఇది అదనం. అయితే దిగేటప్పుడు మోటారే డైనమోలా తిరిగి, కొంత కరెంటును బ్యాటరీకి వెనక్కి ఇస్తుంది. పెట్రోలు బండికి ఆ సుఖం లేదు.

ఇంకొకటి, నీడ. వరుసగా కలిపిన పలకల్లో ఒకదాని మీద చింతచెట్టు నీడ పడినా ఆ వరుస ఇచ్చే కరెంటు తగ్గిపోవచ్చు. కొండ కింద ఇళ్ళకు పొద్దు ఆలస్యంగా వస్తుంది, తొందరగా పోతుంది. అది కూడా చూసుకోవాలి.

అసలు చిక్కు
ఎండ పగలు ఉంటుంది, బండి ఇంటికి రాత్రి వస్తుంది. అందుకే పగలు మిగిలిన కరెంటును లైనుకు ఇచ్చి, రాత్రి లైను నుంచి తీసుకుంటారు. ఇచ్చిందీ తీసుకున్నదీ మీటరు లెక్క కడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్, లైను కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే! ఇన్వర్టర్‌ను అలాగే తయారుచేస్తారు. ఎందుకు? కరెంటు లేదనుకుని లైన్‌మన్ స్తంభం ఎక్కి తీగ పట్టుకుంటే, మన ఇంటి మీది కరెంటు ఆ తీగలోకి పోయి ఆయన ప్రాణం తీయవచ్చు. అందుకని దాన్ని మోసం చేసి నడిపించాలని ఎవరూ చూడకూడదు.

గాలివానకు లైను తెగితే మన ఊళ్ళలో కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అదే రాత్రి ఎవరికైనా పాము కరిస్తే? కాబట్టి ఏజెన్సీలో సోలార్ పెట్టేవారు బ్యాటరీతో పనిచేసే ఇన్వర్టర్ గురించి ముందే అడగాలి. బండి పగలు ఇంటి దగ్గరుంటే పగలే నింపేయాలి. రేపు చూద్దాం అనకూడదు.

"కారు మనకెక్కడిది?" అంటారేమో. 3 యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటర్ సుమారు 80 కి.మీ. పోతుంది. దానికి ఒక కిలోవాట్ పలకలు చాలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ప్రకటించారు.

మీకు ఒక లెక్క: మన మేడ మీద 1,000 చదరపు అడుగుల నీడలేని జాగా ఉందనుకుందాం. పదోవంతు నష్టం తీసేస్తే, రోజుకు అటువంటి స్కూటర్లు ఎన్నింటిని నింపవచ్చు? జవాబు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి నాకివ్వండి. సరైన జవాబులు రాసినవారి పేర్లు వచ్చే సంచికలో వేస్తాను.