వాహనానికి ఎంత వెలుగు కావాలి?

చలికాలం. రాత్రి ఏడున్నర గంటలు. కృష్ణా జిల్లా గూడూరులో ట్యూషన్ ముగించుకొని ఒక అమ్మాయి సైకిలు మీద రోడ్డు ఎడమ అంచున ఇంటికి పోతున్నదనుకోండి. ఎదురుగా ఒక జీపు వస్తున్నది. దాని కప్పు మీద పొడుగాటి పట్టీలాంటి దీపం ఒకటి భగ్గున వెలిగింది. అంతే! అమ్మాయికి రోడ్డు కనిపించదు, రోడ్డు అంచు కనిపించదు, పక్కనున్న పంటకాలువ కనిపించదు. ఆమె వెనుక వస్తున్న లారీ డ్రైవరుకు ఆ అమ్మాయే కనిపించదు. జీపు నడిపే ఆయన మాత్రం “రోడ్డు ఎంత బాగా కనిపిస్తున్నదో!” అని సంతోషిస్తాడు.

ఎక్కువ వెలుగు ఇచ్చేదే మంచి దీపమా? ఈ ప్రశ్నకు జవాబు కొంత భౌతికశాస్త్రంలో, కొంత మన కంటిలో, కొంత చట్టంలో ఉన్నది. ఒక్కొక్కటే చూద్దాం.

ఎల్.ఇ.డి. ఎలా వెలుగుతుంది?

పాతరకం బల్బులో సన్నని తీగ కాలి, ఎర్రబడి, తెల్లబడి వెలుగునిస్తుంది. మనం ఇచ్చే విద్యుత్తులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. ఎల్.ఇ.డి.లో తీగ లేదు. రెండు రకాల అర్ధవాహకాలు కలిసేచోట ఎలక్ట్రానులు ఖాళీ స్థానాలలోకి దిగుతాయి. అప్పుడు విడుదలయ్యే శక్తి కాంతిగా బయటికి వస్తుంది. కంటికి కనిపించే ఎర్రకాంతినిచ్చే డయోడును 1962లో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. నీలికాంతి మాత్రం చాలాకాలం చిక్కలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నీలి డయోడు మీద పసుపు కాంతినిచ్చే పూత పూస్తే మనకు తెల్లని వెలుగు వస్తుంది.

హాలోజన్ బల్బు ఒక వాటుకు సుమారు 20 నుంచి 30 ల్యూమెన్ల కాంతి ఇస్తే, మంచి ఎల్.ఇ.డి. 100 ల్యూమెన్లకు పైగా ఇస్తుంది. కాబట్టి అంగడిలో “ఎన్ని వాట్లు?” అని మాత్రమే అడగడం పొరపాటు. వాటు అంటే దీపం తినే శక్తి. ల్యూమెన్ అంటే అది ఇచ్చే మొత్తం కాంతి. ఆ కాంతి ఒక దిక్కుకు ఎంత గట్టిగా పోతున్నదో చెప్పేది కాండెలా. మన కంటి మీద ఎంత పడుతున్నదో చెప్పేది లక్సు.

చేసి చూడండి

ఒక అట్టముక్కకు 1 సెంటీమీటరు భుజం గల చదరపు రంధ్రం చేయండి. చీకటి గదిలో సెల్‌ఫోను దీపానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఆ అట్టను, 20 సెంటీమీటర్ల దూరంలో గళ్ళ కాగితాన్ని నిలపండి. వెలుగు సుమారు 4 చదరపు సెంటీమీటర్లమీద పడుతుంది. కాగితాన్ని 30 సెంటీమీటర్లకు జరపండి. ఇప్పుడు 9 చదరపు సెంటీమీటర్లు! అదే కాంతి ఎక్కువ చోటుకు పరుచుకొన్నది కనుక పలచబడింది. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. దీనినే విలోమ వర్గ సూత్రం అంటారు.

ఇప్పుడొక లెక్క. ఒక లైట్ బార్ తీవ్రత 50,000 కాండెలాలు అనుకోండి. 50 మీటర్ల దూరంలో ఎదురుగా వచ్చేవారి కంటి మీద పడే వెలుగు 50,000ను 50 × 50తో భాగిస్తే వస్తుంది. అంటే 20 లక్సులు. నిండు పున్నమి వెన్నెల సుమారు పావు లక్సు. ఎనభై పున్నములు ఒక్కసారిగా కంట్లో పడినట్లన్నమాట!

కంటిలో ఏం జరుగుతుంది?

కంటి వెనుక పొర అయిన రెటీనాలో శంకు కణాలు, దండ కణాలు ఉంటాయి. మసక వెలుగులో చూడడానికి దండ కణాలు ముఖ్యం. వాటిలో రొడాప్సిన్ అనే పదార్థం ఉన్నది. తీవ్రమైన కాంతి పడితే అది విరిగిపోతుంది. మళ్ళీ పూర్తిగా తయారుకావడానికి అరగంట వరకూ పట్టవచ్చు. దీపం దాటిపోయిన తరువాత కూడా కొన్ని సెకన్లు మనకు ఏమీ సరిగా కనిపించకపోవడానికి ఇదొక కారణం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కళ్ళు చెదిరితే 50 మీటర్లు గుడ్డిగా ప్రయాణించినట్లే. కంటిలో శుక్లాలున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. మసకబారిన కటకంలో కాంతి చెదిరి, కంటి ముందు తెల్లని తెరలా నిలుస్తుంది.

ఎత్తులోనే ఉన్నది రహస్యం

కారు ముందు దీపం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకోండి. కాంతి పుంజం పై అంచును ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగేలా వంచితే, అది 70 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ఎదుటి డ్రైవరు కళ్ళు సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. కనుక చదునైన రోడ్డు మీద ఆ కాంతి వాటిని చేరదు.

అదే దీపాన్ని కప్పు మీద 180 సెంటీమీటర్ల ఎత్తున పెట్టి అంతే వంచారనుకోండి. అది 120 సెంటీమీటర్లకు దిగాలంటే 60 మీటర్లు పోవాలి. ఆ 60 మీటర్లలోపు ఎదురుగా వచ్చే ప్రతివారి కళ్ళూ ఆ వెలుగులో మునిగినట్లే. పైగా చాలా లైట్ బార్లకు పై అంచును కత్తిరించే ఏర్పాటే ఉండదు.

చట్టం ఏమంటున్నది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో ఈ లెక్కలే కనిపిస్తాయి. 105వ నిబంధన ప్రకారం ముందున్న మనుషులు, వాహనాలు 155 మీటర్ల దూరం వరకు స్పష్టంగా తెలియాలి. అంటే తగినంత వెలుగు ఉండి తీరాలి. 106వ నిబంధన ప్రకారం ఆ కాంతి ఎదుటివారి కళ్ళను మిరుమిట్లు గొలపకుండా కిందికి వంగి ఉండాలి, లేదా డ్రైవరు వంచగలిగేలా ఉండాలి. 111వ నిబంధన ప్రకారం రిజిస్టరు చేసే అధికారి ముందస్తు అనుమతి లేకుండా వాహనం ముందు స్పాట్ లైటుగాని, సెర్చ్ లైటుగాని పెట్టకూడదు. ఆ అనుమతి కూడా ప్రత్యేక పరిస్థితులలోనే.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. అంగడిలో అమ్ముతున్నారు కదా అని రోడ్డు మీద వాడవచ్చని అనుకోకూడదు.

మరి వెలుగు చాలకపోతే?

ముందుగా దీపం అద్దాన్ని తుడవండి. ప్లాస్టిక్ అద్దం పసుపుబారితే వెలుగు బాగా తగ్గుతుంది. తరువాత దీపాల వంపును సరిచేయించాలి. హాలోజన్ బల్బు కోసం చేసిన గిన్నెలో ఎల్.ఇ.డి. బల్బు పెడితే, కాంతి పుట్టేచోటు మారి కాంతి అడ్డదిడ్డంగా చెదరవచ్చు. కనుక తయారీదారు చెప్పిన బల్బునే వాడాలి.

మన డెల్టాలో పొగమంచు రోజుల్లో కప్పు మీది దీపం పనికిరాదు. కంటి ముందున్న నీటి తుంపరలే వెలిగి తెల్లగోడలా నిలుస్తాయి. అప్పుడు కిందుగా అమర్చి, పై అంచు తెగిన ఫాగ్ దీపాలే మేలు. అవి మీ బండికి తయారీదారు ఆమోదించినవై ఉండాలి.

వరికోతల సమయంలో రాత్రిపూట పొలంలో పని ఉంటే ట్రాక్టరుకు బార్ కావాలంటారు. దానిని తేలికగా ఊడదీసే విధంగా బిగించి, రోడ్డెక్కేముందు తీసివేయాలి. 120 వాట్ల బార్‌కు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 10 ఆంపియర్లు కావాలి. కనుక తగిన మందం గల తీగ, రిలే, బ్యాటరీ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. లేకపోతే తీగ వేడెక్కి మంట పుడుతుంది.

వాహనాలను పరీక్షించే అరాయ్ సంస్థ పుణెలో ఉన్నది. అక్కడి నుంచి బయలుదేరే 65వ నంబరు జాతీయ రహదారి గూడూరు మీదుగా వచ్చి బందరులో ముగుస్తుంది. ఆ రోడ్డు పొడుగునా వెలిగే ప్రతి దీపానికీ రెండు పనులు ఉన్నాయి: మనకు దారి చూపడం, ఎదుటివారికి దారి మరుగు చేయకుండా ఉండడం.

ఈ రోజు సాయంత్రం మీ నాన్నగారితోగాని, మామయ్యతోగాని కలిసి ఒక పని చేయండి. చదునైన చోట బండిని గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, కిందిచూపు దీపం వెలిగించండి. నేల నుంచి దీపం మధ్యభాగం ఎత్తు, గోడ మీద వెలుగు పై అంచు ఎత్తు కొలవండి. పై అంచు 10 సెంటీమీటర్లు తక్కువగా ఉన్నదా? దీపం కంటే ఎత్తుగా ఉంటే మెకానిక్కు చూపించమని చెప్పండి. సైకిలు మీద ఇంటికి పోయే ఆ అమ్మాయికి మీరు చేసే మేలు అది.