ఎన్ని ఎకరాలకు ఒక రేంజర్?

ఊరి పక్కన ఒక కొండ ఉంది. అక్కడ వెంచర్ పడకుండా నగరమే దాన్ని కొనేసింది. చాలా మంచి వార్త. మరి రిజిస్ట్రేషన్ అయిన మర్నాటి నుంచి ఆ కొండను ఎవరు చూసుకుంటారు? ఎంతమంది కావాలి? ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో షెడ్యూలింగ్ చదివినప్పటి నుంచి ఇలాంటి లెక్కలంటే నాకు సరదా. అందుకే ఈసారి ఈ టాపిక్.

బౌల్డర్ ఏం చేసింది?

అమెరికాలోని కొలరాడోలో, రాకీ పర్వతాల అంచున ఉన్న నగరం బౌల్డర్. జనాభా లక్ష పైచిలుకు. 1967లో అక్కడి ఓటర్లు తమ మీద తామే ఒక సేల్స్ టాక్స్ వేసుకున్నారు: వంద డాలర్ల కొనుగోలుకు 40 సెంట్లు. ఆ డబ్బుతో చుట్టూ ఉన్న కొండలు, గడ్డి మైదానాలు, పొలాలు కొంటూ పోయారు. వీటినే అక్కడ ఓపెన్ స్పేస్ అంటారు. ఇప్పుడు నగరం చేతిలో 45 వేల ఎకరాలకు పైగా నేల, 150 మైళ్లకు పైగా నడకదారులు ఉన్నాయి.

మన దగ్గర రేంజర్ అంటే అటవీశాఖలో ఒక రేంజ్ మొత్తానికి అధికారి. అక్కడ రేంజర్ అంటే రోజూ ఆ దారుల మీద తిరిగే మనిషి. దారి తప్పినవాళ్లను వెతకాలి, దెబ్బ తగిలినవాళ్లకు ఫస్ట్ ఎయిడ్ చేయాలి, కుక్కల రూల్స్ పాటించనివాళ్లను ఆపాలి. ఫ్లాటైరన్స్ అనే పెద్ద రాతి పలకల మీద డేగలు గూళ్లు పెడతాయి. వాటికోసం ఫిబ్రవరి నుంచి జూలై దాకా కొన్ని చోట్లు మూసేస్తారు. ఎందుకు మూశారో వచ్చినవాళ్లకి ఓపిగ్గా చెప్పేదీ రేంజరే.

ఎకరాల లెక్క ఎందుకు పనికిరాదు?

"వెయ్యి ఎకరాలకు ఒకరు" అనడం తేలిక. కానీ హైదరాబాద్ కేబీఆర్ పార్కు చూడండి. సుమారు 350 ఎకరాలు, చుట్టూ కంచె, గేట్లు, టైమింగ్స్. గేటు దగ్గర మనిషి ఉంటే సగం పని అయిపోతుంది. బౌల్డర్ కొండలకు అలా గేట్లు వేయలేం, జనం ఎన్నో వైపుల నుంచి ఎక్కేస్తారు. పైగా ఎవరూ వెళ్లని వెయ్యి ఎకరాల కంటే, ఆదివారం కిక్కిరిసే ఒక్క మైలు దారికే ఎక్కువ మంది కావాలి.

షిఫ్టుల లెక్క

కాబట్టి ప్రశ్న మార్చాలి: ఏ టైమ్‌లో, ఎక్కడ, కనీసం ఎంతమంది ఉండి తీరాలి? ఒక ఉదాహరణ వేద్దాం (అంకెలు నావే). రోజుకి రెండు షిఫ్టులు, షిఫ్టుకి ఇద్దరు. ఇద్దరెందుకంటే ఒకరు గాయపడినవాళ్ల దగ్గర కూర్చుంటే ఇంకొకరు సాయం పిలవాలి. ఏడాదికి 365 × 4 = 1460 డ్యూటీలు.

ఇప్పుడు ఒక ఉద్యోగి. 365 రోజుల్లో వారాంతపు సెలవులు 104 తీసేయండి. లీవులు, పండగలు, ట్రైనింగ్ కలిపి 31 అనుకుందాం. మిగిలింది 230. 1460ని 230తో భాగిస్తే 6.35. అంటే ఏడుగురు కావాలి. "నలుగురు చాలు కదా" అని బడ్జెట్ మీటింగులో ఎవరైనా అంటే, 920 డ్యూటీలే నిండుతాయి. 540 ఖాళీ. ఆ ఖాళీల్లోనే ఎవరో ఒకరు కాలు జారి పడతారు.

రద్దీ ఏడాదంతా ఒకేలా ఉండదు కాబట్టి సీజనల్ స్టాఫ్‌ని, వాలంటీర్లని కూడా పెట్టుకుంటారు. వాలంటీర్లు దారి చూపిస్తారు, చెత్త తీస్తారు. కానీ అర్ధరాత్రి ఫోన్ వస్తే వెళ్లాల్సిన బాధ్యత వాళ్ల మీద వేయలేం.

లెక్కకు రానిది

ఇక్కడో చిక్కుంది. రేంజర్ ఎన్ని జరిమానాలు రాశాడో సిస్టమ్‌లో ఉంటుంది. అతను మాట్లాడి ఆపిన నిప్పు, వెనక్కి పంపిన పిల్లలు, చెదరని డేగ గూడు ఏ కాలమ్‌లోనూ ఉండవు. పని బాగా జరిగిన ఏడాది రిపోర్టు ఖాళీగా కనిపిస్తుంది, "ఏమీ జరగలేదుగా, ఇంతమంది ఎందుకు?" అంటారు. రేపు ఇలాంటి డాష్‌బోర్డులు రాసేది మనమే, గుర్తుపెట్టుకుందాం.

నేల కొనడం ఒక్కసారి ఖర్చు, మనుషుల జీతం ప్రతినెలా ఖర్చు. మొదటిదానికి రిబ్బన్ కటింగ్ ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఈసారి కొత్త పార్కు వార్త చదివినప్పుడు ఎకరాల పక్కన ఇంకో అంకె వెతకండి: ఆదివారం సాయంత్రం అక్కడ డ్యూటీలో ఎంతమంది?