పగడం ఎందుకు పెరగడం లేదు?

పగడం అనగానే ఎర్రని పూస గుర్తుకు వస్తుంది. ముత్యంతో పాటు పగడం కూడా నవరత్నాలలో ఒకటి. నగలలో వాడే ఈ ఎర్ర పగడం పూర్వం మధ్యధరా సముద్రం నుంచి ఓడలలో మన రేవులకు వచ్చేది. ఆ వ్యాపారం చేసినవారి పేరుతో చెన్నై జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ వీధి నేటికీ ఉంది. రత్నమని పేరేగాని పగడం రాయి కాదు. అది ఒక చిన్న ప్రాణి కట్టుకున్న గూడు.

వెచ్చని సముద్రాలలో పగడపు దిబ్బలను కట్టే పగడాలు మరొక జాతివి. ఈ దిబ్బలనే ప్రవాళ భిత్తికలని కూడా అంటారు. ఒక్కొక్క పగడపు జీవి మెత్తని సంచిలా ఉంటుంది. నోటి చుట్టూ సన్నని స్పర్శకాలు ఉంటాయి. దాని ఒంటిలో కంటికి కనపడని శైవలాలు, అంటే సూక్ష్మమైన నాచు, కాపురముంటాయి. అవి వెలుతురులో ఆహారం తయారుచేసి తమకు చోటిచ్చిన జీవికి పెడతాయి. ఆ బలంతో పగడం నీటిలోని కాల్షియాన్నీ, బైకార్బొనేట్‌నూ తీసుకొని కాల్షియం కార్బొనేట్‌గా మార్చి తన గూటికి చేర్చుకుంటుంది. ఇంటి గోడకు ఇటుక మీద ఇటుక పెట్టినట్లే ఈ పని కూడా నిదానంగా సాగుతుంది.

ఇటువంటి పగడాలను ఇంటిలో గాజుతొట్టిలో పెంచడం ఐరోపా, అమెరికా దేశాలలో చాలామందికి అలవాటు. జకార్తా నగరానికి చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్లు, గాలిబుడగలు మాత్రమే ఆధారంగా తొట్టిని నడిపే పద్ధతిని 1961లో ఒక పత్రికలో వివరించాడు. తరువాత జర్మనీలోని బెర్లిన్ నగర అభిరుచిపరులు బలమైన దీపాలను, నీటిలోని మలినాన్ని నురగగా తీసివేసే యంత్రాన్ని దానికి జోడించారు. మందార కొమ్మను విరిచి నాటినట్లు, తొట్టిలో పెరిగిన పగడాన్ని చిన్న ముక్కలుగా విరిచి కొత్త రాళ్లకు అతికిస్తారు. ఆ ముక్క మళ్లీ పెరగాలి.

కాని అన్నిసార్లూ అది పెరగదు. పగడం బతికే ఉంటుంది, రంగు కూడా ఉంటుంది. నెలలు గడిచినా కొమ్మ మాత్రం సాగదు. అప్పుడు పెంపకందారు తొందరపడి దుకాణంలో దొరికిన బలపు మందులన్నీ ఒకేసారి పోస్తాడు. దీపం మారుస్తాడు, రాయిని చోటు మారుస్తాడు. వారం తిరిగేసరికి పగడం తెల్లబడుతుంది. ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎవరికీ తెలియదు. వైద్యుడు నాడి చూడకుండా మందివ్వడు. పగడం విషయంలోనూ ముందు కొలత, తరువాతే మందు.

మొదట తేల్చుకోవలసినది పెరుగుదల నిజంగా తగ్గిందా అన్నది. కొమ్మలు వేసే అక్రొపొరా జాతి పగడాలలో కొన్ని సముద్రంలో ఏడాదికి 10 సెంటీమీటర్లు కూడా పెరుగుతాయి. బండలా గుండ్రంగా పెరిగే పోరైట్స్ జాతి ఏడాదికి సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది. కొత్తగా అతికించిన ముక్క ముందు రాయి మీద పీఠంలా పరచుకొని, ఆ తరువాతే పైకి లేస్తుంది. కనుక పక్కన స్కేలు ఉంచి నెలకొకసారి ఒకే కోణం నుంచి ఫొటో తీయాలి. రోజూ చూసే కంటికి అందని మార్పు ఫొటోలలో తెలుస్తుంది.

రెండవది ఉప్పు, వేడి. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. తొట్టిలోని నీరు ఆవిరైనప్పుడు నీరే పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. తగ్గిన మేరకు ఉప్పునీరు పోస్తే లవణీయత రోజురోజుకూ పెరుగుతుంది. అక్కడ పోయవలసింది శుద్ధమైన మంచినీరు. వేడి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉండాలి.

మూడవది వెలుతురు. దీపం వెలుగుతున్నంత మాత్రాన చాలదు. కొన్ని రకాల దీపాలు పాతబడినకొద్దీ, కంటికి తేడా తెలియకుండానే, శక్తిని కోల్పోతాయి. వెలుతురు తగ్గితే శైవలాలు పెట్టే ఆహారం తగ్గుతుంది. అలాగని ఒక్కసారిగా పెంచినా ప్రమాదమే. తట్టుకోలేని పగడం శైవలాలను బయటికి నెట్టివేసి తెల్లబారుతుంది. అందుకే వెలుతురును వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి.

నాలుగవది గూటికి కావలసిన సరుకు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. బైకార్బొనేట్ మొదలైనవాటి నిల్వను క్షారత అంటారు. దీనిని జర్మన్ డిగ్రీలలో కొలిస్తే సముద్రంలో సుమారు 7 ఉంటుంది. గూడు కట్టేటప్పుడు క్షారత ఒక డిగ్రీ తగ్గితే కాల్షియం 7 మిల్లీగ్రాములు తగ్గుతుంది. క్షారత 7 నుంచి 5కు పడిపోయిందనుకుందాం. అంటే నిల్వలో పావు వంతుకు మించి ఖర్చయింది. కాల్షియం మాత్రం 420 నుంచి 406కే దిగుతుంది. కాల్షియం ఒక్కటే పరీక్షించినవారికి అంతా బాగున్నట్లే కనపడుతుంది. అందుచేత క్షారతనే ముందు చూడాలి. మెగ్నీషియం తక్కువైతే కాల్షియం కార్బొనేట్ పగడానికి అందకుండానే తెల్లని పెచ్చుగా పంపులకు పట్టుకుంటుంది.

తగ్గినదానిని భర్తీ చేయడానికి తెలుగువారి ఇళ్లలో తెలిసిన వస్తువే పనికివస్తుంది. అది సున్నపు తేట. ఐరోపాలో పీటర్ విల్కెన్స్ 1970 దశకంలో దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాముల శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కరుగుతుంది. 200 లీటర్ల తొట్టిలో రోజుకు అర డిగ్రీ క్షారత ఖర్చవుతుంటే ఇంచుమించు ఒక లీటరు తేట సరిపోతుంది. దీనిని ఆవిరైన నీటికి బదులుగా, చుక్కలు చుక్కలుగా, రాత్రిపూట వేస్తారు. ఒక్కసారిగా పోస్తే నీరు క్షారమై ప్రాణులు చనిపోతాయి. కంటికీ చర్మానికీ కూడా అది హాని చేస్తుంది.

ఐదవది మలినం. చేపలకు అతిగా మేత వేస్తే ఫాస్ఫేట్ పేరుకుంటుంది. అది గూడు గట్టిపడకుండా అడ్డు తగులుతుంది. అలాగని నైట్రేట్, ఫాస్ఫేట్ బొత్తిగా లేకపోతే శైవలాలు పస్తులుంటాయి. నీటి కదలిక చాలకపోయినా, పక్క పగడం స్పర్శకాలతో కుడుతున్నా ఎదుగుదల ఆగిపోతుంది.

ఇలా వరుసగా వెతికితే లోపం బయటపడుతుంది. లోపం తెలిశాక ఒక్కదానినే సరిదిద్ది, కొన్ని వారాలు ఆగి, మళ్లీ కొలవాలి. నిదానమే ప్రధానమన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

తొట్టిలో తెలిసిన ఈ సంగతి సముద్రానికీ వర్తిస్తుంది. అమెరికాలోని అరిజోనా ఎడారిలో బయోస్ఫియర్-2 అనే పెద్ద గాజుకట్టడం ఉంది. దానిలో సుమారు 26 లక్షల లీటర్ల చిన్న సముద్రాన్ని నిర్మించారు. శాస్త్రజ్ఞులు ఆ నీటి రసాయన స్థితిని మార్చి, పగడపు దిబ్బ పెరుగుదలను కొలిచారు. నీటిలో కార్బొనేట్ తగ్గినప్పుడు పెరుగుదల కూడా తగ్గిందని 2000లో ప్రకటించారు. బొగ్గు, చమురు మండించగా వెలువడే కార్బన్ డై ఆక్సైడ్‌లో కొంత సముద్రంలో కరిగి, అక్కడా కార్బొనేట్‌ను తగ్గిస్తున్నది. తొట్టి అయితే సున్నపు తేటతో సరిదిద్దవచ్చు. సముద్రానికి ఎవరు పోయగలరు?

తమిళనాడు తీరంలోని మన్నారు సింధుశాఖలో 21 దీవుల చుట్టూ పగడపు దిబ్బలున్నాయి. పూర్వం సున్నం కోసం వాటిని తవ్వి తీసేవారు. 1986లో ఆ ప్రాంతం సముద్ర జాతీయ ఉద్యానవనమైంది. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలన్నిటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉన్నది. కనుక మన సముద్రంలోని పగడాన్ని విరిచి ఇంటికి తేవడం నేరం. ఒక కొమ్మ పెరగడానికి ఎంత వెలుతురు, ఎంత సరుకు, ఎంత ఓపిక కావాలో తెలిసినవారు దానిని విరవడానికి చేయి చాపరు.

అర్థాలు
ప్రవాళం = పగడం
భిత్తిక = గోడ
స్పర్శకాలు = తాకి గుర్తించే సన్నని అవయవాలు
లవణీయత = నీటిలోని ఉప్పు పాలు
తేట = అడుగున మడ్డి దిగిన తరువాత పైన నిలిచే నిర్మలమైన నీరు

అభ్యాసం
1. పగడం రాయి కాదని ఎలా చెప్పవచ్చు?
2. కాల్షియం కన్నా ముందు క్షారతను ఎందుకు పరీక్షించాలి?
3. క్షారత 8 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు తగ్గితే కాల్షియం లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు తగ్గుతుంది?
4. “ముందు కొలత, తరువాతే మందు” – ఈ మాట మీ ఇంటిలో గాని బడిలో గాని ఏ పనికి వర్తిస్తుందో పది వాక్యాలలో రాయండి.
5. విడదీసి, సంధి పేరు రాయండి: రత్నమని, నెలకొకసారి.
6. విగ్రహవాక్యం, సమాసం పేరు రాయండి: నవరత్నాలు.