పడవ యంత్రమునకు గేరు కేబులు మార్చుట



సైకిలు బ్రేకు నొక్కినప్పుడు చేతియందలి బలము చక్రమును చేరుట యెట్లో మీరెన్నడైన ఆలోచించితిరా? మన యూళ్లలో పెద్దల సైకిళ్లకు ఇనుప కడ్డీల బ్రేకు లుండును. కడ్డీ తిన్నగా పోవును గనుక దాని పని కంటికి కనబడును. మీలో కొందరి క్రొత్త సైకిళ్లకును, ఇండ్ల యందలి స్కూటర్లకును కడ్డీకి బదులు వైరు కలదు. వైరు వంకరలు తిరిగి పోయియు బలమును చేరవేయును. కదలని తొడుగొకటి, దానిలోపల జారెడి ఉక్కుతీగె యొకటి: ఇంతియే దీని నిర్మాణము. లండను నగరమున నుండిన ఎర్నెస్టు మానింగ్‌టన్ బౌడెన్ అనునతడు 1896 సంవత్సరమున దీనికి పేటెంటు పొందెను. స్కూటరు నడుపువారి యింట క్లచ్చి వైరు తెగిన దినమున జరుగు గలభా మీకు తెలియనిది కాదు. స్కూటరైన నేలమీద నిలిచియుండును; నీటిమీద తేలు పడవకు అట్టి వైరు చెడినచో ఏమగునో, దానిని మార్చుట యెట్లో ఈ పాఠమున చెప్పదలచితిమి.

గత వేసవి సెలవులలో మేము అమెరికా దేశమున జార్జియా రాష్ట్రమందలి మా తమ్ముని యింట నెలదినములుంటిమి. అట్లాంటా నగరమునకు ఉత్తరముగా లేనియరు సరస్సను గొప్ప జలాశయము కలదు. చట్టహూచీ నదికి బ్యూఫర్డు ఆనకట్ట కట్టుటచే 1950ల దశకమున అది ఏర్పడినది. దానికి సమీపమునగల పేటలలో తెలుగు కుటుంబములు పెక్కు కాపురమున్నవి. మా తమ్ముడును అతని స్నేహితు డొకడును కలిసి 1988లో తయారైన పాతపడవ నొకదానిని చౌకగా కొనిరి. ఒక శనివారము సాయంకాలము మేమందరము షికారు ముగించి రేవునకు తిరిగి వచ్చుచుండగా, తమ్ముడు చేతిమీటను ముందు గేరునుండి న్యూట్రలునకు తెచ్చెను. తక్షణమే ఇంజను చచ్చెను. పడవకు బ్రేకు లేదు; వెనుక గేరే దాని బ్రేకు. ఇంజను లేనిదే వెనుక గేరు లేదు. పడవ తన వేగముతోనే పోయి రేవుకొయ్యను గ్రుద్దెను. ఎనిమిదేండ్ల పాప కొయ్యను పట్టుకొందునని అంచుమీదినుండి చేయి చాచియుండెను. మరదలు ఆ చేతిని వెనుకకు లాగుటయు, అంచు కొయ్యకు ఒరసికొనుటయు ఒక్కసారే జరిగెను.

ఇది మొదటిసారి కాదట. అంతకుముందు ఒక మరమ్మతు దుకాణమువారు కార్బురేటరు రెండుమారులు కడిగి, ప్లగ్గులు మార్చి సొమ్ము గైకొనిరి. మూడవమారు, ఇంజను వెనుకనున్న చిన్న స్విచ్చి తీగెలను ఊడబెరికినచో ఇక ఆగిపోదని ఉపాయము చెప్పిరి. “అన్నయ్యా, ఆ తీగెలు పీకివేయుదునా?” అని తమ్ముడు అడిగెను. పీకవద్దంటిమి. ఏల వద్దంటిమో తెలియుటకు ఆ యంత్రపు లోపలి సంగతి కొంత చెప్పవలెను.

పడవ యంత్రములలో కొన్ని పూర్తిగా లోపలనే యుండి పొడవైన ఇరుసుచే ప్రొపెల్లరును త్రిప్పును. కొన్ని పూర్తిగా వెలుపల వ్రేలాడును. ఈ రెంటికి నడిమి రకమును స్టెర్న్‌డ్రైవు అందురు. దీనిలో ఇంజను పడవలోపల వెనుకగోడను ఆనుకొనియుండును. గేర్లును ప్రొపెల్లరును గల కాలు వంటి భాగము గోడకు వెలుపల నుండును. స్వీడను దేశపు వోల్వో పెంటా వారు 1959లో దీనిని విపణికి తెచ్చిరి. అమెరికాలో మెర్‌క్రూజరు అనునది 1961లో వచ్చెను. మా తమ్ముని పడవకున్నది మెర్‌క్రూజరు వారి ఆల్ఫా వన్ రకము. ఇకమీద చెప్పునది ఆ రకమును గూర్చియే. తక్కినవాటి కట్టడి వేరు.

కాలి అడుగుభాగమున వాలుపండ్ల చక్రములు రెండు ఎదురెదురుగా నుండి, ఇంజను నడచునంతసేపు ఒకటి కుడికి ఒకటి ఎడమకు తిరుగుచునే యుండును. వాని నడుమ ప్రొపెల్లరు ఇరుసుమీద జారెడి ఉక్కుకడియ మొకటి కలదు. దాని రెండు ముఖములకును పెద్ద పండ్లుండును. కడియము ఒక చక్రమును కరచినచో పడవ ముందుకు, రెండవదానిని కరచినచో వెనుకకు పోవును. నడుమ నిలిచినచో న్యూట్రలు. ఈ కడియమును జరుపు బలము చోదకుని చేతిమీటనుండి ఒక కేబులు ద్వారా ఇంజను వెనుకనున్న గేరు పలకకు వచ్చును. అచటినుండి రెండవ కేబులు గోడను దాటి కాలిలోనికి పోవును. ఈ రెండవదానినే క్రింది కేబులు అందురు. మన కథ యంతయు దీనిదే.

ఇంజను బలముతో త్రిప్పుచుండగా కడియపు పండ్లు చక్రపు పండ్లను గట్టిగా బిగబట్టియుండును. అట్టి సమయమున లాగినను విడిపోవు. అందులకై యంత్రము చేసినవారు ఒక చక్కని యుక్తి పన్నిరి. గేరు పలకమీది మీటకు ఒక నొక్కు కలదు. ఆ నొక్కులో చిన్న స్విచ్చి యొక్క చక్రము కూర్చుండును. కడియము విడివడక కేబులు బిగిసినప్పుడు మీట స్ప్రింగునకు ఎదురు వంగును. చక్రము నొక్కునుండి పైకెక్కును. స్విచ్చి ఇంజనులోని నిప్పురవ్వను క్షణకాలము ఆపును. ఆ క్షణమున పండ్లపై బరువు తగ్గి కడియము జారి వచ్చును. మీట తిరిగి తన చోటికి పోవును, నిప్పురవ్వ మరల వచ్చును. ఇంజను ఒకసారి తడబడినట్లు వినబడునేగాని ఆగదు.

కేబులే బిగిసియున్నచో ఏమగును? కడియము సిద్ధముగనే యుండును గాని తీగె తొడుగులో జారదు. మీట వంగినది వంగినట్లే యుండును, నిప్పురవ్వ ఆగినది ఆగినట్లే యుండును. ఇంజను చచ్చును. నింద కార్బురేటరుపై పడును. స్విచ్చి తీసివేసినచో ఇంజను ఆగదన్నమాట నిజమే. కాని అప్పుడు గేరే ఊడదు. న్యూట్రలు వేసితిమనుకొనుచుండగా ప్రొపెల్లరు తిరుగుచునే యుండును. పడవ వెనుకనే గదా ఈతగాండ్రు నిచ్చెన పట్టుకొని ఎక్కునది! మేము వద్దన్న హేతువిది.

కేబులు ఏల బిగియును? నీరు చొచ్చి త్రుప్పు పట్టుట ఒకటి. పడవను త్రిప్పినపుడెల్ల గోడకు వెలుపలి వంపు కదలి, అచ్చట తొడుగు లోపలి పూత అరుగుట ఒకటి. కొంచెము అరిగిన ఇంత బిగువా యని మీరడుగవచ్చును. గోదావరి రేవులలో పడవవారు త్రాటిని గుంజకు రెండు చుట్లు చుట్టి ఒంటిచేత పెద్ద పడవను ఆపుట చూచినవారికి సమాధానము తెలిసియే యున్నది. వంపుమీద ఘర్షణ కూడికగా పెరుగదు, హెచ్చవేతగా పెరుగును. పదునెనిమిదవ శతాబ్దపు గణితవేత్త ఆయిలరు పేరిట ఈ సూత్రము ప్రసిద్ధము. తీగెకు సగము చుట్టంత వంపున్నదనుకొనుడు. ఘర్షణ గుణకము 0.15 అయినచో ఆ కొసకు 10 పౌనుల బలము చేరుటకు ఈ కొసను 16 పౌనులతో లాగవలెను. అరిగి, త్రుప్పుపట్టి గుణకము 0.30 అయినచో దాదాపు 26 పౌనులు కావలెను. వంపు పూర్తి చుట్టయినచో 66 పౌనులు! ఈ లెక్క లాగుటకు చెప్పినది; మన కేబులు లాగుటయే గాక నెట్టవలసినది గూడ. నెట్టునప్పుడును తీగె వంపు గోడను ఒరయుచునే పోవును. పై తరగతులవారు లెక్కవేసి చూచుకొనుడు.

మేము ముందుగా దోషమును పరీక్షించితిమి. న్యూట్రలులో ఊరక నడచుచునే ఆగిపోవు ఇంజనుకు కారణము వేరు. ముందు గేరునుండి న్యూట్రలునకు తెచ్చునప్పుడు మాత్రమే ఆగినచో కేబులును అనుమానింపవలెను. పడవను ట్రెయిలరుమీద నేలకు తెచ్చి, తాళపుచెవి జేబులో వేసికొని, బ్యాటరీ తీగె విప్పితిమి. తమ్ముడు మీట లాగుచుండగా మేము ప్రొపెల్లరును చేతితో మెల్లగా త్రిప్పితిమి. త్రిప్పనిచో పండ్లు ఎదురెదురు తగిలి గేరు పడదు. బలవంతపెట్టినచో మంచి కేబులు గూడ వంగును. స్విచ్చి చక్రము నొక్కు విడిచి పైకెక్కి అచ్చటనే నిలిచెను. తరువాత క్రింది కేబులు కొసను పలకనుండి విడదీసి చేతితో లాగితిమి. నూతిలోని బరువు బొక్కెన లాగినట్లుండెను. అయినను దోషము కేబులుదో కాలి లోపలిదో అప్పటికి తెలియదు. కాలు ఊడదీసిన తరువాత మరల లాగి చూచితిమి. బిగువు అట్లే యుండెను. అప్పుడుగాని క్రొత్త కేబులు కొనలేదు.

కాలు ఊడదీయుటకు గేరు ముందు స్థానమున నుండవలెను. లేనిచో లోపలి కొక్కెము తప్పుకొనదు. ప్రక్కల నుండి కాలిని పైకెత్తు ఆయిలు దండములను విడదీసి, చుట్టునున్న ఆరు నట్లను విప్పి, కాలిని తిన్నగా వెనుకకు జరిపితిమి. అది మిగుల బరువు. ఒక్కడు చేయదగిన పని కాదు. మేము ముగ్గురము పట్టితిమి.

ఇప్పుడు గోడమీద గంట ఆకారముగల పోత పెట్టె కనబడును. కేబులు దానిలోనికి మరచుట్లతో బిగించియుండును. పడవలోపలి కొసనున్న ఇత్తడి బిళ్లను, కొస గొట్టమును, తీగెను పట్టియున్న చిన్న స్క్రూలను వరుసగా విప్పి, ప్రతిదానిని ఒక గుడ్డపై విప్పిన క్రమముననే పరచితిమి. ఈ క్రమము పాటించనందున మరునాడు బిక్కమొగము వేసిన మెకానిక్కులను మేమెరుగుదుము. లోపలి తీగెను గంటపెట్టె వైపునుండి లాగి తీసితిమి. నడుమ ఒక మూరెడు మేర తీగె ఎఱ్ఱని త్రుప్పుతో గరుకెక్కియుండెను. తొడుగును విప్పుటకు ప్రత్యేకమైన సాధనము కావలెను. మామూలు పానా లోనికి పోదు. రబ్బరు తిత్తిని పట్టియున్న బిగింపు పట్టీని కోసి, తొడుగు లోపలి కొసకు ఒక దారము కట్టి వెలుపలికి లాగితిమి. ఆ దారమే క్రొత్త కేబులునకు దారి చూపినది.

తొడుగు వెలుపలికి వచ్చిన తరువాత ఇంకొక సంగతి బయల్పడెను. తిత్తి సమీపమున దానికి వెండ్రుకవాసి పగులు కలదు. రేవున కట్టియుంచిన పడవలో ప్రతి ఉదయము చెంబెడు నీరు చేరుచుండుటకు హేతువు వెదకి మా తమ్ముడు విసిగియుండెనట. కేబులు నీటిమట్టమునకు క్రింద గోడను దాటును గనుక, దాని తొడుగు పగిలినచో అది సన్నని జలదారియే.

క్రొత్త తొడుగు మరచుట్లకు నీరు చొరని లేపము పూసి బిగించితిమి. తిత్తికి క్రొత్త పట్టీ వేసితిమి. లోపల కేబులు తిరుగు భాగములకు తగులకుండ, ఎక్కడను గట్టి మడత పడకుండ విశాలమైన వంపుతో నడిపితిమి. మనము వేసిన లెక్క ప్రకారము ప్రతి వంపునకును చెల్లింపవలసిన సుంకము కలదు గదా. తీగెకు పలుచగా కందెన రాచి గంటపెట్టె వైపునుండి లోనికి త్రోసి, కొస కనబడువరకు వచ్చినదో లేదో చూచుకొని స్క్రూలు బిగించితిమి. ఇత్తడి బిళ్ల నడిమికిని కొస గొట్టపు రంధ్రపు నడిమికిని దూరము 6 అంగుళము లుండవలెను. ఈ కొలతను కంటితో చూచి సరిపెట్టరాదు. కాలిని మరల ఎక్కించునప్పుడు గంటపెట్టెకు క్రొత్త గాస్కెటు వేసి, గేరు ముందు స్థానముననే యుంచి, ఆరు నట్లను 50 అడుగు-పౌనుల బిగువునకు పానాతో కొలిచి బిగించితిమి.

ఇంజను ఆపియుంచియే మరల పరీక్షించితిమి. ముందు గేరున ప్రొపెల్లరు ఒక దిక్కున అడ్డుపడెను. వెనుక గేరున రెండవ దిక్కున అడ్డుపడెను. న్యూట్రలున రెండు దిక్కులకును స్వేచ్ఛగా తిరిగెను. పొడినేలమీద ఇంజను వెలిగించి చూడవలెనను ఆత్రము మా తమ్మునికి కలిగెను గాని, నీటి గొట్టము తగిలింపకుండ నడిపినచో చల్లబరచు పంపులోని రబ్బరు చక్రము కాలిపోవునని వారించితిమి.

మరుసటి శనివారము సరస్సున దించితిమి. రేవునకు దూరముగా పదిమారులు ముందు గేరునుండి న్యూట్రలునకును, వెనుక గేరునకును మార్చితిమి. ఇంజను తడబడుట వినబడెను, ఆగలేదు. ఒక రాత్రి కట్టియుంచి తెల్లవారి పలకలెత్తి చూడగా లోపల పొడిగా నుండెను. పాప ఈమారు చేతులు ఒడిలో పెట్టుకొనియే కూర్చుండెను.

పాత కేబులునుండి త్రుప్పుపట్టిన మూరెడు ముక్కను, పగిలిన తొడుగును కోసి మాతో తెచ్చితిమి. అవి మన పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో రెండవ బీరువాయందు కలవు. తీగెను తొడుగులో పెట్టి మొదట తిన్నగాను, పిదప వంచియు లాగి చూడగోరు విద్యార్థులు మధ్యాహ్న విరామమున రావచ్చును.