కారులో నీరు చేరితే: ముందు నీటి దారి, తరువాతే వైరింగ్

కారు నడిపి ఇల్లు గడుపుకునేవారు, కారు బాగుచేసి ఇల్లు గడుపుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. వానాకాలం వచ్చిందంటే ఈ ఇద్దరికీ ఒకే రకం తలనొప్పి. హారన్ దానంతటదే మోగుతుంది. సెంట్రల్ లాక్ ఎవరూ ముట్టుకోకుండానే టకటకలాడుతుంది. దిగిన అద్దం మళ్లీ ఎక్కదు. రాత్రి బాగున్న బ్యాటరీ తెల్లవారేసరికి చచ్చి ఉంటుంది. కారు ఒక రోజు షెడ్డులో ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది కాని, బ్యాంకు కిస్తీ ఆగదు. అందుకే ఈ జబ్బును త్వరగా, తక్కువ ఖర్చుతో పట్టుకోవడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం. కారు యజమానులకూ, ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లకూ ఇది ఉపయోగపడుతుంది.

గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. నీరు వచ్చే దారిని మూయకుండా ఎన్ని పార్టులు మార్చినా ఆ డబ్బు నీళ్లపాలే.

నీరు చేసే పని

వాన నీటిలో దుమ్ము, లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి అది కొంత కరెంటును పారనిస్తుంది. కనెక్టరులో పక్కపక్కనే ఉన్న పిన్నుల మధ్య తడి చేరితే ఆ తడి గుండా కరెంటు కొద్దికొద్దిగా కారుతుంది. ఎప్పుడూ 12 వోల్టుల సరఫరా ఉండే పిన్ను అందరికంటే ముందు తినుకుపోతుంది. దాని మీద పచ్చని చిలుము పడుతుంది. చిలుము పట్టిన చోట కరెంటుకు అడ్డు ఏర్పడుతుంది. అందుకే నీరు ఆరిపోయిన వారం రోజులకో, నెలకో కూడా జబ్బు బయటపడవచ్చు.

ఇంకో సంగతి. వైరు లోపలి సన్నని రాగి పోగుల మధ్య నీరు దీపపు వత్తిలో నూనెలా పాకుతుంది. కాబట్టి నీరు పడిన చోటు ఒకటి, చెడిన చోటు మరొకటి కావచ్చు.

నీరు వచ్చే దారులు

1. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే తొట్టి. చెట్టు కింద నిలిపే కార్లలో ఆకులు చేరి దాని కాలువలు మూసుకుపోతాయి. నీరు నిండి, బ్లోవరు గుండా గాని, వైర్లు లోపలికి వచ్చే రబ్బరు బుష్ గుండా గాని డాష్‌బోర్డు కిందికి దిగుతుంది. చాలా కార్లలో ఫ్యూజ్ బాక్స్ ఉండేది అక్కడే.

2. తరువాత బిగించిన సామాను. స్టీరియో, రిమోట్ లాక్, హారన్ రిలే కోసం బుష్‌కు రంధ్రం పొడిచి వైరు లాగితే, ఆ రంధ్రమే నీటికి దారి అవుతుంది.

3. తలుపులు. అద్దం పక్కనుంచి తలుపు లోపలికి నీరు దిగడం మామూలే. అది తలుపు అడుగున ఉన్న రంధ్రాల నుంచి బయటికి పోవాలి. ఆ రంధ్రాలు మట్టితో మూసుకున్నా, స్పీకరు బిగించేటప్పుడు లోపలి ప్లాస్టిక్ షీటు చిరిగినా నీరు కాళ్ల దగ్గరికి వస్తుంది.

4. సన్‌రూఫ్ ఉన్న కార్లలో దాని మూలల నుంచి దిగే సన్నని గొట్టాలు. ఇవి మూసుకున్నా, ఊడినా నీరు స్తంభాల వెంట లోపలికి జారుతుంది.

5. వెనుక లైట్ల గాస్కెట్, డిక్కీ రబ్బరు, పైకప్పు మీది యాంటెనా అడుగు. ఇక్కడ కారిన నీరు స్టెప్నీ గుంటలో నిలుస్తుంది.

6. ఏసీ నీరు. ఎండాకాలంలో, వాన చుక్క లేకుండా ముందు సీటు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే ముందు దీన్నే అనుమానించాలి. ఏసీ నీరు కిందికి పోయే గొట్టం మూసుకుంటే అది లోపలే కారుతుంది. తడి జిగటగా, రంగుతో, తియ్యని వాసనతో ఉంటే అది కూలెంటు. అప్పుడు చూడవలసింది హీటరును.

పైపు పరీక్ష

ముందు మ్యాట్ తీసి, కార్పెట్ ఎత్తి దాని కింది స్పాంజిని చేత్తో నొక్కి చూడండి. పైన పొడిగా ఉన్నా స్పాంజి వారాల తరబడి నీరు పట్టి ఉంచుతుంది. దాన్ని ఆరబెట్టి, అనుమానం ఉన్న చోట్ల పొడి న్యూస్‌పేపరు ముక్కలు పరచండి. ఒకరు టార్చితో కారులో కూర్చోవాలి. ఇంకొకరు బయట మామూలు పైపుతో నీళ్లు వదలాలి. ప్రెషర్ వాషర్ వద్దు; అది మంచి రబ్బరు గుండా కూడా నీటిని తోస్తుంది. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ఒక్కో చోట నాలుగైదు నిమిషాలు ఆగాలి. ఒకేసారి పైకప్పు మీద పోస్తే నీరు అన్ని వైపులా జారి, ఏ దారిన వచ్చిందో తెలియదు. మొదట ఏ కాగితం తడుస్తుందో చూసి, అక్కడి నుంచి పైకి దారి వెతకండి.

మీటరు చెప్పే సాక్ష్యం

బ్యాటరీ: ఇంజను ఆపి కొన్ని గంటలు గడిచాక, మంచి బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు ఉండాలి. ఇంజను నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వరకు కనిపిస్తుంది. ఈ రెండూ సరిగా ఉండి కూడా తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే, కరెంటు ఎక్కడో కారుతున్నట్టే.

కరెంటు కారడం: తాళం తీసి, తలుపులు మూసి, అరగంట ఆగిన తరువాత కారు వాడుకునే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అది అర ఆంపియరు ఉందనుకోండి; రోజుకు 12 ఆంపియర్-గంటలు పోతాయి. 35 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ. మీటరును నెగటివ్ వైరుకు వరుసలో, 10 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి చూడాలి. మీటరు అలా ఉండగా స్టార్టు చేయకూడదు. తరువాత ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో జబ్బు ఆ లైనులో ఉన్నట్టు.

ఎర్త్: బ్రేకు తొక్కితే ఇండికేటరు కూడా మసకగా వెలుగుతుందా? బల్బు మార్చకముందే ఎర్త్ చూడండి. లైటు వెలుగుతుండగా ఒక ప్రోబును బల్బు ఎర్త్ వైరు మీద, రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాలి. 0.1, 0.2 వోల్టుల లోపు వస్తే మంచిది. ఒక వోల్టు దాకా వస్తే దారిలో తుప్పు ఉంది. లోడు లేకుండా కొలిస్తే ఈ తప్పు దొరకదు.

బాగుచేసే పద్ధతి

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీయండి. కనెక్టరును కాంటాక్ట్ క్లీనరుతో కడిగి ఆరబెట్టండి. చిలుము తినేసిన పిన్నును గీకి సరిపెట్టవద్దు, మార్చండి. లోపల నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించే వరకు కోసి, కొత్త ముక్క కలిపి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం వేయండి. ఉత్త ఇన్సులేషన్ టేపు మళ్లీ నీటిని పీలుస్తుంది. ఎర్త్ బోల్టు విప్పి, లోహం తెల్లగా కనిపించేలా రుద్ది, గట్టిగా బిగించిన తరువాత పైన గ్రీజు పూయండి. చివరగా అదే చోట మళ్లీ నీళ్లు పోసి చూడండి. ఈ ఆఖరి పరీక్ష చేయకుండా కారు అప్పగించవద్దు.

రెండు హెచ్చరికలు. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటిలో టెస్ట్ లాంపు గాని మీటరు గాని పెట్టకూడదు. బ్యాగు పేలే ప్రమాదం ఉంది. నారింజ రంగు లావు కేబుళ్లు హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో ప్రాణం తీసే వోల్టేజీ మోస్తాయి. ఆ పనిలో శిక్షణ లేనివారు వాటి జోలికి పోకూడదు.

వరదలో మునిగిన కారు

2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అలాంటి కారును స్టార్టు చేసి చూడాలనే ఆత్రం వద్దు. తాళం తిప్పవద్దు, తోసి స్టార్టు చేయవద్దు. సిలిండరులో చేరిన నీరు నలగదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తడిసిన మాడ్యూలుకు కరెంటు ఇస్తే బతికే వస్తువు కూడా కాలిపోతుంది. నీరు తీశాక బ్యాటరీ నెగటివ్ విప్పండి. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో తెలిసేలా ఫొటోలు తీసి, ఇన్సూరెన్సువారికి చెప్పి, టోయింగ్ బండి మీద తరలించండి. నీళ్లలో స్టార్టు చేయడం వల్ల చెడిన ఇంజనుకు, విడిగా ఇంజను కవరు తీసుకోకపోతే, చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు.

నమ్మకం కూడా పనిముట్టే

పని నేర్చుకునే కుర్రవాళ్లకు ఒక మాట. స్కానరులో నాలుగైదు ఎర్రర్ కోడ్‌లు కనబడగానే "మాడ్యూలు పోయింది" అనడం తేలిక. దాని ఖరీదు వేలల్లో ఉంటుంది. చాలా మాడ్యూళ్లను ఆ కారుకు తగ్గట్టు కోడింగ్ కూడా చేయించాలి. అంత పెట్టి మార్చిన కొత్త మాడ్యూలు మీద మరుసటి వానకు అదే కన్నం నుంచి నీళ్లు పడితే, అప్పుచేసి డబ్బు తెచ్చిన డ్రైవరు ఎవరికి చెప్పుకోవాలి? కోడ్ అనేది ఏ లైనులో తేడా వచ్చిందో మాత్రమే చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. ఆ ఎందుకు అనేదాన్ని టార్చి, మీటరు, ఓపిక ఈ మూడింటితో వెతకాలి. తీసిన పాత పిన్నును, చిరిగిన బుష్‌ను యజమాని చేతిలో పెట్టి చూపించండి.

యజమానులు చేయవలసింది ఇంకా సులువు. తొలకరికి ముందే వైపర్ల కింది ఆకులు తీసేయండి. తలుపుల అడుగు రంధ్రాలు పుల్లతో శుభ్రం చేయండి. ఏసీ వేసినప్పుడు కారు కింద నీళ్లు కారుతున్నాయో లేదో చూడండి. అరగంట పని. కారులో ముక్క వాసన వచ్చినా, అద్దాలు ఊరికే మసకబారినా కార్పెట్ ఎత్తి చూడండి. వైరింగ్ చెడకముందే నీరు దొరుకుతుంది.