సీసా మీద ఉన్నదే మీ నోట రావాలి

హనుమకొండ చౌరస్తాలోనో, కాజీపేటలోనో వైన్స్ కౌంటర్ వెనక నిలబడేవాళ్లను గిరాకీలు రోజూ అడిగేవి మూడే ప్రశ్నలు. "అన్నా, ఇది ఒరిజినల్ స్కాచేనా?" "ఎన్నేండ్లది?" "ఏది స్ట్రాంగ్?" కొత్తగా చేరిన పిల్లలు పాత సేల్స్‌మన్ దగ్గర విన్న మాటనే అప్పజెప్తారు. ఆ మాట తప్పయితే గిరాకీ డబ్బు పోతుంది, గొడవ మాత్రం కౌంటర్‌లో ఉన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. వరంగల్ వైన్స్‌లలో, బార్లలో పనిచేసే తమ్ముళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఈ మూడింటికీ జవాబు లేబుల్ మీదే వెతకండి. అక్కడ లేనిది మీ నోటి నుంచి రానివ్వకండి.

మన దేశంలో దేన్ని విస్కీ అనవచ్చో నిర్ణయించేది ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ. అది 2018లో తెచ్చిన మద్య పానీయాల నిబంధనలు 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం మొలకెత్తించిన బార్లీతో కాచిందీ విస్కీయే, న్యూట్రల్ స్పిరిట్‌తో తయారుచేసిందీ విస్కీయే. ఆ స్పిరిట్ నూకల నుంచి రావచ్చు, మొక్కజొన్న నుంచి రావచ్చు, చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ నుంచీ రావచ్చు. యూరప్‌లో అయితే మొలాసిస్‌తో చేసినదాన్ని విస్కీ పేరుతో అమ్మడానికి వీల్లేదు, అక్కడ ధాన్యం ఒక్కటే ఆధారం. అందుకే లండన్ నుంచి సెలవులకు వచ్చినవాళ్లు "ఇది విస్కీయే కాదు" అని వాదిస్తే మీరు తడబడొద్దు. మన చట్టం ప్రకారం విస్కీయే అని చెప్పి, లేబుల్‌లో దేనితో తయారైందో రాసిన వరుస చూపించండి. అక్కడ గ్రెయిన్ స్పిరిట్, న్యూట్రల్ స్పిరిట్ అన్న మాటలు కనిపిస్తే అది మొత్తం మాల్ట్ కాదు. మన షాపుల్లో ఎక్కువగా కదిలే సరుకు ఇలాంటిదే.

"సింగిల్ మాల్ట్" అనగానే ఒకే పీపాలోంచి తీసి నింపారనుకుంటారు. అది కాదు. మొలకెత్తించిన బార్లీ తప్ప వేరే ధాన్యం కలపకుండా, పాట్ స్టిల్ అనే పాత్రలో కాచి, ఒకే డిస్టిలరీలో తయారుచేసింది సింగిల్ మాల్ట్. ఆ డిస్టిలరీ స్కాట్లాండ్‌లోనే ఉండాలనీ లేదు. బెంగళూరు అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో గ్లాస్గోలోనే విడుదల చేసింది, గోవాలో పాల్ జాన్ ఉంది. ఇవి సింగిల్ మాల్ట్‌లే కానీ స్కాచ్‌లు కావు. ఈ తేడా గట్టిగా తెలిసిన సేల్స్‌మన్‌ను గిరాకీ మళ్లీ వెతుక్కుంటూ వస్తాడు.

స్కాచ్ అన్నది ప్రాంతం పేరుతో వచ్చిన హక్కు. మన దేశంలోనూ అది జీఐగా, అంటే భౌగోళిక గుర్తింపుగా నమోదైంది. స్కాట్లాండ్‌లోనే కాచాలి, అక్కడే కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాల్లో ఊరాలి, ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. అక్కడి 2009 నిబంధనలు దాన్ని ఐదు రకాలుగా విడదీశాయి: సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్ స్కాచ్. సింగిల్ మాల్ట్ స్కాచ్‌ను స్కాట్లాండ్‌లోనే సీసాకెత్తాలి. బ్లెండెడ్ స్కాచ్‌ను మాత్రం ట్యాంకుల్లో తెచ్చి ఇక్కడ నింపవచ్చు. టీచర్స్, 100 పైపర్స్, వ్యాట్ 69 మన దగ్గరికి ఇలాగే వస్తాయి. "బాటిల్డ్ ఇన్ ఇండియా" అని చూసి డూప్లికేట్ అనేవాళ్లకు చెప్పండి, అది స్కాచే, సీసాలో నింపింది మాత్రం ఇక్కడ. అలాగని పేరులో స్కాట్ అని ఉన్నదల్లా స్కాచ్ కాదు. పీటర్ స్కాట్ అన్న మన దేశపు విస్కీ పేరు మీద స్కాచ్ తయారీదారుల సంఘం వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఏళ్ల తరబడి ఊరుకుని ఆలస్యంగా వచ్చినందుకు సంఘం 2008లో ఓడిపోయింది. పేరు నిలిచింది కానీ ఆ సీసా స్కాచ్ అయిపోలేదు.

వయసు సంగతి. లేబుల్ మీద 12 ఏళ్లు అని ఉంటే అందులో కలిసిన అన్నిటికన్నా చిన్న స్పిరిట్‌కూ 12 ఏళ్లు నిండాయని అర్థం. అంకె లేకపోతే మీరు ఊహించి చెప్పొద్దు. మన సింగిల్ మాల్ట్‌లలో చాలావాటి మీద ఏళ్ల లెక్క కనిపించకపోవడానికి ఎండ ఒక కారణం. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైతే, బెంగళూరులో 10 శాతానికి పైనే పోతుంది. అన్నేళ్లు ఉంచితే పీపాలో మిగిలేది తక్కువ. పైగా వేడికి విస్కీ త్వరగా ఊరుతుంది.

ఇక "ఏది స్ట్రాంగ్". మన విస్కీల మీద మామూలుగా కనిపించేది 42.8 శాతం, పక్కనే 75 డిగ్రీ ప్రూఫ్ లేదా 25 యూపీ, అంటే అండర్ ప్రూఫ్. ఆ 75ను చూసి ముప్పాతిక వంతు ఆల్కహాలే అనుకునేవాళ్లు ఉన్నారు. పాత బ్రిటిష్ లెక్కలో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం. అందులోంచి నాలుగో వంతు తగ్గితే 42.8. ధర ఎంతున్నా శాతం అదే ఉంటే స్ట్రాంగ్‌లో తేడా లేదు. ఇది నిజాయితీగా చెప్పండి. 60 మిల్లీ పెగ్గులో దాదాపు 26 మిల్లీ, క్వార్టర్‌లో 77 మిల్లీ స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. బార్‌లో ఎవరికి ఇక చాలని చెప్పాలో తేల్చుకోవడానికీ ఈ లెక్క పనికొస్తుంది. ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు అన్న హెచ్చరిక సీసా మీద తప్పనిసరి. కాబట్టి "ఇది తాగితే ఒంటికి మంచిది" లాంటి మాట అమ్మకం కోసం అస్సలు అనకండి. 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకం లేనే లేదు.

స్టాక్ దించుకునేటప్పుడు చూపు మూత మీదికి పోవాలి. బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి వచ్చిన సీసాకు ఎక్సైజ్ హోలోగ్రామ్ ఉంటుంది, ఎమ్మార్పీ, తెలంగాణలో అమ్మకానికే అన్న ముద్ర ఉంటాయి. గోవాకనో, హర్యానాకనో, మిలిటరీ క్యాంటీన్‌కనో రాసి ఉన్న సీసా ఎవరు తక్కువకు తెచ్చిచ్చినా ముట్టొద్దు. అది ఎన్డీపీఎల్, అంటే ఇక్కడి పన్ను కట్టని సరుకు. ఓనర్ పెట్టమన్నా ఒప్పుకోకండి. ఎక్సైజ్ చట్టం లైసెన్స్ ఉన్నవాడితో పాటు అతని దగ్గర పనిచేసేవాడినీ పట్టుకుంటుంది. తప్పుడు లేబుల్ సరుకు అమ్మితే 2006 ఆహార భద్రత చట్టం కింద 3 లక్షల దాకా జరిమానా వేరే.

బార్‌లో పనిచేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఖాళీ అయిన ఖరీదైన సీసాల్లో చౌక మందు నింపి అమ్మడం పాత మోసం, ఆ సీసాలకు బయట కొనేవాళ్లున్నారు. సీసా అయిపోగానే లేబుల్ గీకేసి, హోలోగ్రామ్ చింపి, మూత విరిచి పడేయండి. సగంలో ఉన్న సీసాలోకి ఇంకో సీసాది పొయ్యమని ఎవరన్నా పొయ్యకండి, గిరాకీ కళ్లముందే సీల్ తీయండి.